మైనం పగిలిన చోట

పెడన నేతగాళ్ల వీధుల్లో అమావాస్య నాడు చప్పుడుండదు. ఆ రోజు ఎవరూ మగ్గం గుంటలో కాలు పెట్టరు, రంగు బాన మీద మూత తియ్యరు. అమావాస్య నాడు చెయ్యి పెడితే పోగు పోగూ పగబడుతుందని పెద్దల మాట. పోగులు పగబట్టడం ఎవరూ చూడలేదు గానీ, కులపెద్ద జక్కయ్య పగబట్టడం అందరూ చూసినదే. కట్టుబాటు తప్పినవాడి వాకిట్లో నిలబడి, వాడి తాత ముత్తాతల దగ్గర్నుంచి ఎత్తి పొడుస్తాడు. ఏడాది తిరిగినా ఆ మాట వీధిలో మాసిపోదు.

పంతొమ్మిది వందల డెబ్బై ఆరో సంవత్సరం మహాలయ అమావాస్య నాడు కోటిలింగం ఆ కట్టుబాటు తప్పాడు.

తప్పడానికి కారణం అతని నీలి బాన. పెరట్లో మెడదాకా పాతిన పెద్ద బాన అది. నీలిమందు, సున్నం, గింజల కషాయం పోసి పులియబెడితే ఎనిమిది పది రోజులకు పండుతుంది. పైన రాగి రంగు మీగడ కడుతుంది. అలా కట్టిన రోజే బట్ట ముంచాలి. మర్నాటికి ఆగితే రంగు చచ్చిపోతుంది. ఆసారి మీగడ సరిగ్గా అమావాస్య పొద్దున కట్టింది.

"బానకేం తెలుసే ఇవాళ అమావాస్యని? దాని పొద్దు అది చూసుకుంటుంది," అన్నాడు కోటిలింగం భార్యతో.

"దానికి తెలీకపోతే జక్కయ్య బాబాయికి తెలుసుగా," అంది నాగమల్లేశ్వరి. "అయినా ఇవాళ పెద్దలకి నీళ్లొదిలే రోజు. ఆ చేత్తో నీలి ముట్టుకుంటావా?"

"వీధి తలుపెయ్యి. నాలుగు ముంచులు ముంచి, చేతులు కడుక్కుని నీళ్లొదుల్తా. మా నాన్నా రంగులోడే, ఏవీ అనుకోడు."

బట్ట రెండో కొస పట్టుకోవడానికి కూతురు శివపార్వతిని పిలిచాడు. పార్వతికి పదిహేనేళ్లు, తొమ్మిదో తరగతి. బళ్లో పేరు పిలిచినప్పుడు ఆమె పలికే "ప్రెజెంట్ సార్" పక్క పిల్లకి కూడా వినపడక, వచ్చిన రోజున కూడా రానట్టు రెండుసార్లు గీత పడింది. ఇంట్లో తండ్రితో మాత్రం నోరు తెరుస్తుంది. పని నేర్చుకుంటూ ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంది.

నీలి అక్కర్లేని చోటల్లా ముందురోజే కోటిలింగం మైనం పూసి ఉంచాడు. మైనం ఉన్నంత మేరా బట్ట తెల్లగా మిగులుతుంది. మడత గట్టిగా పడి మైనం చిట్లితే ఆ సందులోంచి నీలి దిగి, సన్నటి నరంలా పడుతుంది.

"నీలికి సిగ్గూ శరం ఉండవమ్మాయ్," అనేవాడు. "వెంట్రుకంత సందు దొరికినా లోపలికొచ్చి కూర్చుంటుంది. మెల్లిగా పట్టుకో."

మూడో ముంచు తీస్తుండగా అతని కాలు పాచి మీద జారింది. తడిసి బరువెక్కిన బట్ట అతన్ని పక్కకి లాగింది. ఎడమ కణత పైన, ఉతికే బండ అంచు తగిలింది. ఆ చప్పుడు పార్వతి విన్నది. అతను కాసేపు కళ్లు తెరవలేదు. నాగమల్లేశ్వరి మొహాన నీళ్లు చల్లితే లేచి కూర్చుని, బట్ట ఏదని అడిగాడు. రక్తం రాలేదు. జుట్టు కింద చిన్న బొప్పి కట్టిందంతే.

"ఇది ఈ గోడ దాటకూడదు," అన్నాడు. "అమావాస్య నాడు బాన మూత తీస్తే దేవుడు అప్పటికప్పుడే కొట్టాడంటారు. జక్కయ్యకి ఇంతకంటే పండగ లేదు." భార్య చేతా, కూతురి చేతా చేతిలో చెయ్యి వేయించుకున్నాడు.

తర్వాత ఇరవై రోజులు తలనొప్పి తప్ప ఇంకేం లేదు. తలకి గుడ్డ బిగించి కట్టుకుని పని చేసుకున్నాడు. ఆ గుడ్డ ఏంటని అడిగినవాళ్లకి, చెమట కోసమని చెప్పాడు.

ఇరవయ్యో రోజు, బుధవారం, కాలవ రేవులో బట్టలు జాడిస్తూ కుడికాలు నిలవక మోకాలి లోతు నీళ్లలో కూలబడ్డాడు. తల దేనికీ తగల్లేదు. రేవులో వీధి సగం ఉంది. చెయ్యందించి పైకి లాగినవాడు సాక్షాత్తూ జక్కయ్యే.

"ఏరా, పొద్దున్నే ఏసుకున్నావా?" అన్నాడు. అందరూ నవ్వారు. కోటిలింగం కూడా నవ్వాడు గానీ, నవ్వు మూతికి ఒక పక్కనే వచ్చింది. అది గట్టు మీదున్న పార్వతి కనిపెట్టింది.

ఆ తర్వాతి సోమవారం నాగమల్లేశ్వరి తమ్ముడు ఏడుకొండలు అతన్ని బెజవాడ తీసుకెళ్లాడు. తల్లీ కూతురూ వెంట వెళ్లారు. సూర్యారావుపేటలో జీవరత్నం గారని నరాల డాక్టరు. సన్నగా, తెల్లటి మనిషి, కళ్లద్దాలు ముక్కు చివరికి జారి ఉంటాయి. కోటిలింగం చేత తన వేళ్లు పిసికించుకుని, కుడి చేతి పట్టు తగ్గిందన్నారు.

"ఎప్పుడు పడ్డారు?"

"మొన్న బుధవారం అండి. కాలవ రేవులో," అంది నాగమల్లేశ్వరి.

అబద్ధం కాదు. వీధంతా చూసింది. డాక్టరు ఆ తేదీ కాగితం మీద రాసుకున్నారు. పార్వతి ఆ కాగితం వంక చూస్తూ నిలబడింది. తల లోపలి సంగతి తెలియాలంటే మద్రాసు వెళ్లి ఒక బొమ్మ తీయించుకురావాలని, అలాంటి మిషను ఇక్కడ లేదని డాక్టరు చెప్పి చీటీ రాసిచ్చారు.

దీపావళి వెళ్లిన సోమవారం మద్రాసులో ఆ బొమ్మ తీశారు. ముందు చేతి నరానికి సూది వేశారు. గంట ఆగి, కోటిలింగాన్ని బల్ల మీద పడుకోబెట్టారు. గుమ్మడికాయంత ఇనప తల ఒకటి అతని మొహం మీదుగా ఈ పక్క నుంచి ఆ పక్కకి నడిచింది. చివరిదాకా వెళ్లి, ఒక్క పిసరు కిందికి దిగి, మళ్లీ వెనక్కి వచ్చింది. వచ్చినంతసేపూ పక్కన కాగితం మీద టకటకమని చుక్కలు కొట్టింది. గుమ్మం దగ్గర నిలబడ్డ పార్వతికి తండ్రి గొంతు వినపడింది.

"ఇదీ నేస్తోందే అమ్మాయ్. వరస మీద వరస. కాకపోతే మన మగ్గం కంటే బద్ధకంగా ఉంది."

కదలొద్దని అరవంలో ఎవరో కేకేశారు.

ఆ బుధవారం మధ్యాహ్నం బెజవాడలో జీవరత్నం గారు పెద్ద కవరులోంచి ఆ ఫిల్ము తీసి కిటికీ వెలుగుకి పట్టుకున్నారు. నల్ల చుక్కలతో అల్లిన తలకాయ. చుట్టూ అంచు నల్లగా, నడుమ తెల్లగా ఉంది. ఎడమ పక్కన మాత్రం అంచు లోపలికి జరిగి, నెలవంకలా మందంగా కనిపించింది.

"మెదడులో రక్తనాళాలకి ఒక గుణం ఉందండీ," అన్నారు డాక్టరు. కోటిలింగం వైపే తిరిగి చెబుతున్నారు. "ఒంట్లో మిగతా చోట్ల లాగా ఏది పడితే అది బయటికి వదలవు. గట్టి కాపలా. మీకు సూదిలో ఎక్కించిన మందు ఆ కాపలా దాటి మెదడులోకి పోలేదు. అందుకే నడుమంతా తెల్లగా ఉంది. దెబ్బ తగిలి కాపలా ఎక్కడ చెడితే అక్కడ మందు దిగుతుంది. దిగిన చోట ఇలా నల్లగా పడుతుంది."

కోటిలింగం ఆ ఫిల్ము వంక చాలాసేపు చూశాడు. ఈమధ్య అతనికి మాటలు వెతుక్కోవలసి వస్తోంది.

"మైనం... పగిలిన చోట నీలి దిగినట్టా అండీ?"

డాక్టరు కళ్లద్దాలు పైకి తోసుకున్నారు. "మీరేం పని చేస్తారు?"

"రంగులద్దుతాం అండి."

"సరిగ్గా అదేనండీ. మా కుర్రడాక్టర్లకి నేను గంట సేపు చెప్పే పాఠం మీరొక్క ముక్కలో చెప్పారు." తర్వాత ఆయన గొంతు నెమ్మదించింది. "అయితే ఒక చిక్కుంది. రంగు ఎక్కడ దిగిందో ఈ బొమ్మ చెబుతుంది, ఎందుకు దిగిందో చెప్పదు. పైన చర్మం కమిలినా అంచున ఇలాగే పడుతుంది. దెబ్బ కొత్తదైతే భయం లేదు, రెండు మూడు వారాల్లో చెదిరిపోతుంది. పాత దెబ్బ అయి ఇంకా ఇలా ఉందంటే వేరే ఆలోచించాలి. అందుకని అడుగుతున్నా. కాలవలో పడకముందు తలకేమన్నా తగిలిందా?"

కోటిలింగం తన నీలి గోళ్ల వంక చూసుకుంటున్నాడు. విన్నాడో లేదో తెలియదు.

"లేదండి," అంది నాగమల్లేశ్వరి.

పార్వతి గొంతులో ఒక మాట పైకి లేచింది. పైకి లేచి, నాలుక దగ్గర ఆగింది. డాక్టరు ఆమె వంక చూసి నవ్వారు.

"నువ్వేం చదువుతున్నావమ్మా?"

పార్వతి చెవుల దాకా వేడెక్కి, తల దించుకుంది.

"అది నోరు ఇంటి దగ్గర చిలక్కొయ్యకి తగిలించి వచ్చిందండి," అన్నాడు ఏడుకొండలు. అందరూ కాస్త నవ్వారు. ఆ నవ్వులో ఆ క్షణం దాటిపోయింది. డాక్టరు మాత్రలు రాసి, కాలవలో పడి పద్నాలుగు రోజులే కదా, మరో రెండు వారాలు చూసి మళ్లీ రమ్మన్నారు.

తిరుగు బస్సులో నాగమల్లేశ్వరి మొహం వెలిగిపోతోంది. "కొత్తదైతే చెదిరిపోద్దన్నారు, విన్నావా?"

"కొత్తది కాదు కదమ్మా," అంది పార్వతి చిన్నగా.

తల్లి ఆమె తొడ మీద గిల్లింది, ముందు సీట్లో ఉన్న తమ్ముడు వినకుండా. "చేతిలో చెయ్యేశాం. రోజులు మార్చి చెబితే రోగం మారిపోద్దా ఏంటే? మందు ఇచ్చారు, తగ్గుద్దన్నారు. తగ్గేదానికి ఆయన్ని వీధిలో పెట్టి నవ్వులపాలు చెయ్యనా?"

తల్లి చెడ్డది కాదు. ఆమె డాక్టరు మాటల్లో తగ్గుతుందన్న మాటే గట్టిగా పట్టుకుంది. దాన్ని లాక్కోవడానికి పార్వతికి నోరు రాలేదు.

తగ్గలేదు. కోటిలింగం పగలు కూడా నిద్రపోవడం మొదలుపెట్టాడు. అన్నం కలిపి పెడితే ముద్ద చేతిలోనే ఉండిపోయేది. ఎనిమిదో రోజు సాయంత్రం కాస్త తేరుకుని, మైనం కుంపటి మీద పెట్టమన్నాడు. పార్వతి సంతోషంగా పెట్టింది. అతను బట్ట పరుచుకుని ఎడమ చేత్తో పూయసాగాడు. పువ్వులకి పూశాడు. ఆకులకి పూశాడు. పువ్వుకీ ఆకుకీ మధ్య, నీలి రావలసిన చోట కూడా పూశాడు. అంచు నుంచి అంచుకి బట్టంతా పూసేశాడు.

"ఇంక నీలి ఎక్కడికి రావాలి నాన్నా?"

"వద్దు," అన్నాడు అతను. కళ్లు తుడుచుకోకుండానే ఏడుస్తున్నాడు. "ఎక్కడికీ రావద్దు."

మర్నాడు పొద్దున్నే బడికని చెప్పి పార్వతి పుస్తకాలు తీసుకుని బయల్దేరింది. రోడ్డెక్కి, బందరు నుంచి వచ్చే బస్సు ఆపింది. ఒంటరిగా బస్సెక్కడం అదే మొదటిసారి.

"ఎక్కడికమ్మాయ్?"

"బెజవాడ," అంది. బస్సులో సగం మంది వెనక్కి తిరిగి చూశారు.

"నాకు చెముడు లేదమ్మా," అన్నాడు కండక్టరు టిక్కెట్టు చింపుతూ.

గుడివాడ దాటిందాకా ఒకే వాక్యం లోలోపల చెప్పుకుంది. సెప్టెంబరు ఇరవై మూడు, గురువారం, మహాలయ అమావాస్య, పొద్దున తొమ్మిదింటికి నాన్న తలకి బండ తగిలింది. మళ్లీ మళ్లీ చెప్పుకుంది. ఒక్క ముక్క మరిచిపోయినా, గది గుమ్మం దగ్గర మిగతాదీ నోట రాదని ఆమె భయం.

ఆసుపత్రి వరండాలో తెరేసమ్మ అనే నర్సు చీటీలు ఇస్తోంది. "పేషెంటు ఏరీ? ఒక్కదానివే వొచ్చావేం?" అంది. పార్వతి ఆ వాక్యం మొత్తం ఆమెకే చెప్పేసింది. తెరేసమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక వరస తప్పించి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

జీవరత్నం గారు ఆ పాత కవరు వెతికి తీశారు. ఫిల్ము మళ్లీ కిటికీకి పట్టుకుని, రెండో చేతి వేళ్ల కణుపుల మీద రోజులు లెక్కపెట్టారు.

"ముప్పై రెండు," అన్నారు. "బొమ్మ తీసేనాటికే ముప్పై రెండు రోజులు." ఆయన కుర్చీలో కూర్చోలేదు. "ఇది పైన చర్మం కాదమ్మా. ఎముక కింద రక్తం చేరి, పొర కట్టుకుని, నెల పైనుంచి మెదడుని నొక్కుతోంది. తెరేసమ్మా, మన కారు పంపించు. నువ్వు కూడా వెళ్లు."

కారు పెడన చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఇంటి ముందు వీధంతా ఉంది. కోటిలింగం పొద్దుట్నుంచి లేవలేదు. గురక పెడుతున్నాడు, పిలిస్తే పలకడం లేదు. కారులోంచి నర్సుతోపాటు దిగిన కూతుర్ని చూసి నాగమల్లేశ్వరి గడప మీద కూలబడింది. ఏం జరిగిందో ఆమెకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"అమావాస్య నాడు తలకి దెబ్బ తగిలినాయన ఈయనేనా?" అని తెరేసమ్మ గట్టిగా అడిగింది. ఆమెకి కట్టుబాట్ల సంగతి తెలియదు.

వీధి వీధంతా విన్నది. అందరూ జక్కయ్య వైపు చూశారు. ముసలాయన భుజం మీది కండువా తీసి నడుముకి చుట్టుకున్నాడు.

"చూస్తారేంట్రా? కాళ్లు పట్టండి," అన్నాడు. తల కిందుగా తన రెండు చేతులూ పెట్టి, కదలకుండా మోసుకొచ్చి కారులో పడుకోబెట్టాడు. తలుపు వేస్తూ నాగమల్లేశ్వరితో అన్నాడు. "నేను వంద అంటానమ్మా. నోటి దూల. దానికి జడిసి మనిషినిలా దాచుకుంటారా?"

ఆ సాయంత్రమే పుర్రెకి రెండు చిల్లులు వేసి, నల్లగా చిక్కబడ్డ రక్తం బయటికి తీశారు. మర్నాడు కోటిలింగం కళ్లు తెరిచాడు. పార్వతి వేలు పట్టుకున్నాడు. కుడి చేత్తోనే పట్టుకున్నాడని ఆమె తెరేసమ్మతో చెప్పింది, ఇంకెవరూ అడగకుండానే. రెండు రోజులు అలా గడిచాయి. మూడో రోజు జ్వరం వచ్చింది. అణిగి ఉన్న మెదడు మళ్లీ పైకి తేలలేదని డాక్టరు చెప్పారు. అయిదో రోజు పొద్దున, ఆసుపత్రి దొడ్లో ఇంట్లోవాళ్లు కాఫీలు తాగుతుండగా, ప్రాణం పోయింది.

ఏడుకొండలు కారు కోసం వెళ్లాడు. నాగమల్లేశ్వరి మంచం కోడు పట్టుకుని కూర్చుంది, ఏడవడం లేదు. వరండాలో జీవరత్నం గారు చేతులు కడుక్కుంటుంటే పార్వతి వెళ్లి వెనక నిలబడింది.

"ఆ రోజు చెప్పుంటే, అండీ?"

ఆయన తువ్వాలుతో చేతులు చాలాసేపు తుడుచుకున్నారు. పిల్లకి ఏదో ఒకటి చెప్పి పంపేసే రకం కాదాయన.

"చెప్పుంటే ఆ వారమే తీసేవాణ్ణి," అన్నారు. "అప్పుడాయన నడిచి వచ్చారు. నడిచి వచ్చినవాళ్లు చాలామంది నడిచే వెళ్తారమ్మా." తువ్వాలు కొక్కేనికి తగిలించి, "తప్పు నీ నెత్తినే వేసుకోమాకు. నేను మీ అమ్మగారిని ఒక్కసారే అడిగాను. రెండోసారి, ఇంకోలా అడగాల్సింది," అన్నారు.

పార్వతి తల ఊపింది. తిరిగి వెళ్లి తల్లి పక్కన కూర్చుంది.

పెద్దకర్మ అయ్యేదాకా నాగమల్లేశ్వరి కన్ను మూయలేదు. గోడకి ఆనుకుని కూర్చునేది. వచ్చినవాళ్లు పలకరిస్తే వాళ్ల మొహాలు వెతికేది, ఎవరన్నా తనని అడుగుతారేమోనని. ఎవరూ అడగలేదు. జక్కయ్య అసలే అడగలేదు. రోజూ వచ్చి వాకిట్లో కూర్చుని, ఒక్క మాటా మాట్లాడకుండా పోయేవాడు. తిట్టేవాళ్లు లేకపోవడం ఆమెకి మరీ కష్టమైంది.

పద్నాలుగో రోజు మధ్యాహ్నం చుట్టాలంతా వెళ్లిపోయాక కూతుర్ని పిలిచింది.

"డాక్టరు గారిని వరండాలో నువ్వేదో అడిగావంటగా. తెరేసమ్మ గారు చెప్పారు."

"ఊఁ."

"ఏవడిగావు?"

"ఆ రోజే చెప్పుంటే బతికేవాడా అని."

నాగమల్లేశ్వరి పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నాలుకతో తడుపుకుంది. "ఏవన్నారు?"

పార్వతి తల్లి కళ్లలోకి చూసింది. పద్నాలుగు రోజులుగా ఆ కళ్ల చుట్టూ పేరుకున్న నలుపు చూసింది.

"అప్పుడు చెప్పినా లాభం లేకపోయేదన్నారమ్మా," అంది. "మొదటి రోజే లోపల చెడిపోయిందంట. మద్రాసు వెళ్లేసరికే చెయ్యి దాటిపోయిందంట. బొమ్మలో అదే పడిందంట."

"నిజంగా అన్నారా?"

"అన్నారు. రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ అదే అన్నారు."

తడబడకుండా, మాట మింగకుండా, ప్రతి ముక్కా తేటగా చెప్పింది. జీవితంలో ఒకరి మొహంలోకి చూస్తూ ఇంత పొడుగు మాట చెప్పడం ఆమెకి అదే మొదలు.

నాగమల్లేశ్వరి మెడ మెల్లిగా పక్కకి వాలింది. పార్వతి చాప పరిచి, తల కింద మడిచిన చీర పెట్టింది. తల్లి మోకాళ్లు ముడుచుకుని పడుకుని, కాసేపటికి చిన్నపిల్లలా నోరు తెరుచుకుని నిద్రపోయింది.

పార్వతి విసనకర్ర తీసుకుని పక్కన కూర్చుంది. మజ్జిగ తెచ్చిన పక్కింటావిడకీ, ఆ తర్వాత వచ్చిన జక్కయ్యకీ, అమ్మ నిద్రపోతోందని గుమ్మంలోనే చేత్తో సైగ చేసింది.